అక్షరం మారినా అర్థం మారని చోట: ప్రోటీన్ జన్యువుల్లో ప్రకృతి వరణాన్ని లెక్కగట్టడం

ఒంగోలులో డిగ్రీ, పీజీ జీవశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసింది.

అందరికీ నమస్కారం. పెద్దలకు, తోటి అధ్యాపకులకు, కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన పిల్లలకు నమస్కారం. ముందు వరుసలో నలుగురైదుగురు రైతులు కూడా కూర్చున్నారు, చాలా సంతోషం. నా నోట్లోంచి మీకు తెలియని మాట ఏదన్నా వస్తే చెయ్యెత్తండి. అక్కడే ఆగి చెప్తాను, మొహమాటం వద్దు.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఆవుకూ బఠాణీ మొక్కకూ చుట్టరికం ఉందా? ఉంది. ఆ ఇద్దరికీ ఒకే పూర్వీకుడు ఉన్న కాలం మాత్రం వంద కోట్ల ఏళ్లకు పైమాటే. మన కణాల్లో డీఎన్ఏ దారం లాగా వేలాడుతూ ఉండదు, కొన్ని ప్రోటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. వాటిని హిస్టోన్లు అంటాం. వాటిలో హెచ్4 అని ఒకటుంది. దాంట్లో 102 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ని కట్టే ఇటుకలు. ఆవు హెచ్4నూ బఠాణీ హెచ్4నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్ని తేడాలు? రెండంటే రెండు. వంద కోట్ల ఏళ్లకు రెండు తేడాలు!

మరి ఆ జన్యువులో ఉత్పరివర్తనాలే, అంటే డీఎన్ఏ అక్షరాల మార్పులే, రాలేదా? అక్షరాలు చెక్కుచెదరకుండా అట్లాగే ఉండిపోయాయా? లేదమ్మా. ప్రోటీన్ని వదిలేసి డీఎన్ఏ అక్షరాలు తీసి చూడండి, మార్పులు దండిగా కనపడతాయి. అక్షరాలు మారాయి, ప్రోటీన్ మారలేదు. అంటే ఏంది? ప్రోటీన్ని మార్చే మార్పులు రాలేదని కాదు. వచ్చాయి, నిలవలేదు. అవి వచ్చిన జీవి బతకలేదు, లేదా పిల్లల్ని కనలేదు, ఆ వంశం అక్కడితో ఆగిపోయింది. ప్రకృతి వరణం అనగానే మనకు చిరుతపులి పరుగు, జిరాఫీ మెడ గుర్తొస్తాయి. జన్యువుల స్థాయిలో మాత్రం వరణం రోజూ చేసే పని ఇదే, తుడిచెయ్యడం. తుడిచేసిన దాన్ని మనం చూడలేం. చూడలేని దాన్ని ఎట్లా లెక్కపెట్టాలి? ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబే.

ఇక్కడ కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువులు ఉన్నవాళ్ళు ఉన్నారు కదా. మీకు తేలిగ్గా తెలుస్తుంది. పట్టుబడి రోజున ఇంత వచ్చింది అన్నంత మాత్రాన చెరువులో ఎంత పోయిందో చెప్పగలమా? చెప్పలేం. ఎంత సీడు వదిలామో తెలియాలి. సరే, ఎంత వదిలారో కాగితం లేదనుకోండి. కానీ పక్కనే ఇంకో చెరువుంది. అదే హేచరీ సీడు, అదే రోజు, అంతే లెక్కన వదిలారు. దాంట్లో ఏ జబ్బూ రాలేదు. అప్పుడు ఆ చెరువు పట్టుబడి చూసి, ఈ చెరువులో ఎంత నష్టపోయామో చెప్పొచ్చు. జన్యువులో మనకు ఆ పక్క చెరువు దొరికింది. అదృష్టం ఏందంటే, అది అదే జన్యువులో, అదే అక్షరాల మధ్యలోనే ఉంది.

ఎట్లా ఉందో బోర్డు మీద రాస్తాను చూడండి. డీఎన్ఏకి నాలుగే అక్షరాలు: ఏ, సీ, జీ, టీ. మూడక్షరాలు కలిస్తే ఒక కోడాన్. నాలుగు నాలుగ్లు పదహారు, పదహారు నాలుగ్లు 64. అందులో మూడు, టీఏఏ, టీఏజీ, టీజీఏ, ఆపు అని చెప్పే గుర్తులు. మిగిలిన 61 కలిసి ఇరవై అమైనో ఆమ్లాలకు సంకేతాలు. ఇరవైకి 61 అంటే చాలా వాటికి ఒకటికన్నా ఎక్కువ సంకేతాలుంటాయి కదా. ఇది మీరు ఇంటర్‌లోనే చదివారు. చదివి పక్కన పెట్టేశారు. ఇప్పుడు దాన్ని పనిలో పెడదాం.

ఏజీఏ. ఇది ఆర్జినిన్. దీంట్లో ఒక్క అక్షరం మారిస్తే ఎన్ని రకాలుగా మారుతుంది? మూడు చోట్లు, ఒక్కో చోట మూడు అక్షరాలు, మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటే రాద్దాం. చివరి అక్షరం జీ అయితే ఏజీజీ. అది కూడా ఆర్జినినే, ప్రోటీన్‌కి తేడా తెలియదు. చివరిది సీ అయినా టీ అయినా సెరీన్ వస్తుంది. మధ్య అక్షరం ఏ అయితే ఏఏఏ, లైసిన్. సీ అయితే థ్రియోనిన్, టీ అయితే ఐసోల్యూసిన్. మొదటి అక్షరం జీ అయితే గ్లైసిన్. సీ అయితే సీజీఏ, చూడండి, అదీ ఆర్జినినే! టీ అయితే టీజీఏ, ఆపు గుర్తు, ప్రోటీన్ సగంలో తెగిపోతుంది. తొమ్మిదిలో రెండు అర్థం మార్చనివి, ఆరు అర్థం మార్చేవి, ఒకటి తెగ్గొట్టేది. 61 కోడాన్లకూ ఇట్లాగే లెక్కేస్తే మొత్తం 549 మార్పులు. అందులో 134 అర్థం మార్చనివి, 392 మార్చేవి, 23 తెగ్గొట్టేవి. ఈ లెక్క ఇంటికెళ్ళి మీరే ఒకసారి వేసుకోండి. కాగితం, పెన్సిలు చాలు. చేత్తో వేస్తేనే అది మనదవుతుంది.

అర్థం మార్చని మార్పులున్నాయే, వరణానికి వాటితో పెద్దగా పని లేదు. ప్రోటీన్ అదే, జీవి అదే. కాబట్టి అవి ఉత్పరివర్తనాల వేగంతోనే పోగవుతాయి. ఇక్కడ కిమురా మాట చెప్పాలి. జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమురా 1968లో తటస్థ సిద్ధాంతం ప్రకటించారు. దాంట్లో ఒక లెక్క ఉంది, నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. జనాభాలో ఎన్ మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి రెండేసి కాపీలు, అంటే జన్యువుకు మొత్తం రెండు ఎన్ కాపీలు. ప్రతి తరంలోనూ పుట్టే కొత్త మార్పులు రెండు ఎన్ ఇంటూ ఉత్పరివర్తన రేటు. మంచీ చెడూ లేని ఒక కొత్త మార్పు చివరికి జనాభా అంతటికీ పాకే అవకాశం ఎంత? ఉన్న రెండు ఎన్ కాపీల్లో అదొకటి, కాబట్టి రెండు ఎన్‌లో ఒక వంతు. రెండూ గుణించండి. ఎన్ కొట్టేసుకుపోయింది! మిగిలేది ఉత్పరివర్తన రేటు ఒక్కటే. జనాభా కోటి అయినా, పది వేలయినా తటస్థ మార్పుల వేగం ఒకటే. అందుకే అర్థం మార్చని మార్పులను మనం కొలబద్దగా వాడుకోగలం.

ఇప్పుడు నిష్పత్తి. అర్థం మార్చే మార్పులు, వాటికున్న అవకాశాల లెక్కన ఎన్ని నిలిచాయి? అది డీఎన్. అర్థం మార్చనివి, వాటి అవకాశాల లెక్కన ఎన్ని? అది డీఎస్. డీఎన్‌ని డీఎస్‌తో భాగిస్తే వచ్చేది ఒమేగా. అవకాశాల లెక్కన అని ఎందుకు నొక్కి చెప్తున్నాను? రెండు జాతుల మధ్య ఒక జన్యువులో అర్థం మార్చే తేడాలు 30, మార్చనివి 10 ఉన్నాయనుకోండి. ‘మూడింతలు ఉన్నాయి, వరణం తోస్తున్నట్టుంది’ అనిపిస్తుంది. కానీ అవకాశాలే ఇంచుమించు మూడింతలు కదా, 392కి 134. కాబట్టి ఒమేగా ఒకటికి దగ్గర్లోనే ఉంటుంది, వరణం అక్కడ ఏమీ చెయ్యనట్టే లెక్క. ఒకటికన్నా తక్కువుంటే వరణం తుడిచేస్తోంది. ఒకటికన్నా ఎక్కువుంటే? పక్క చెరువులో కన్నా ఇక్కడే పట్టుబడి ఎక్కువొచ్చింది. అర్థం మార్చే మార్పులకు ఏదో అండ ఉంది. మార్పే మేలు చేస్తోంది. ఆ జన్యువు దగ్గర ఆగి చూడాలి.

1986లో మసతోషి నెయ్, తకాషి గోజోబోరి ఈ లెక్కను సులువుగా చేసే పద్ధతి ఇచ్చారు. చాలా కాలం అందరూ దాన్నే వాడారు, ఇప్పటికీ మొదట నేర్పాల్సింది అదే. మరి దాంతో సరిపెట్టుకోకుండా మోడల్ ఎందుకు కట్టాల్సి వచ్చింది?

ఎందుకంటే ఒకే చోట రెండుసార్లు మార్పు వస్తే మనకు ఒకటే కనపడుతుంది. ఏ పోయి జీ వచ్చి, జీ పోయి మళ్ళీ ఏ వస్తే అసలు ఏమీ జరగనట్టే ఉంటుంది. పైగా అన్ని మార్పులూ ఒకే వేగంతో రావు. ఏకీ జీకీ మధ్య, సీకీ టీకీ మధ్య రాకపోకలు ఎక్కువ, మిగతావి తక్కువ. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పూర్వీకుల డీఎన్ఏ మన దగ్గర లేదు. ఇప్పుడు బతికున్న ఆవు ఉంది, గేదె ఉంది, గొర్రె ఉంది. వాళ్ళ ఉమ్మడి పూర్వీకుడి జన్యువు ఎట్లా ఉండేదో ఎవరు చూశారు?

1994లో ఒకే పత్రిక, ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. నిక్ గోల్డ్‌మన్, జిహెంగ్ యాంగ్ కలిసి రాసిందొకటి. స్పెన్సర్ మ్యూస్, బ్రాండన్ గాట్ రాసింది ఇంకొకటి. ఇద్దరి ఆలోచనా ఒకటే. అక్షరాన్ని కాదు, కోడాన్ని ఒక స్థితిగా తీసుకుందాం. 61 స్థితులు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి ఏ వేగంతో వెళ్తుందో 61 అడ్డం, 61 నిలువు పట్టికలో రాద్దాం. ఇప్పుడు మనం వాడే రూపంలో ఆ పట్టిక చాలా సులువు. రెండు మూడు అక్షరాలు ఒకేసారి మారాలంటే వేగం సున్న. ఒక్క అక్షరం మారితే, వచ్చే కోడాన్ ఎంత వాడుకలో ఉందో ఆ సంఖ్య. ఏ-జీ, సీ-టీ మార్పయితే దాన్ని కప్పాతో గుణించు, అంటే ఆ మార్పులు మిగతావాటికన్నా ఎన్ని రెట్లు ఎక్కువో చెప్పే సంఖ్యతో. అర్థం మారితే ఒమేగాతో గుణించు. ఇంతే. మన ఏజీఏ నుంచి ఏజీజీకి వెళ్ళాలంటే కప్పా ఉంటుంది, ఒమేగా ఉండదు. ఏఏఏకి వెళ్ళాలంటే రెండూ ఉంటాయి. సీజీఏకి అయితే రెండూ ఉండవు. టీజీఏ అసలు పట్టికలోనే లేదు.

పూర్వీకులు తెలియరు కదా, మరి? తెలియనప్పుడు అన్ని అవకాశాలనూ లెక్కలోకి తీసుకోవడమే. పది జాతుల వంశవృక్షంలో లోపల ఎనిమిది కొమ్మల కలయికలుంటాయి. ఒక్కో దగ్గర 61లో ఏ కోడాన్ అయినా ఉండి ఉండొచ్చు. 61ని ఎనిమిదిసార్లు గుణిస్తే సుమారు 190 లక్షల కోట్లు. అది ఒక్క కోడాన్ స్థానానికి! జన్యువులో అట్లాంటి స్థానాలు వందలుంటాయి. ఇది ఏ కంప్యూటర్ చేస్తుంది? జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1981లో దారి చూపించారు. కొమ్మల చివర్ల నుంచి మొదలుపెట్టి, ఒక్కో కలయిక దగ్గర లెక్క మొత్తం కట్టేసుకుంటూ కిందికి రా. పైన చేసిన లెక్కను మళ్ళీ చెయ్యనక్కర్లేదు. లక్షల కోట్ల పని వేల గుణకారాలకు దిగిపోయింది. ఈ రోజు మీ చేతిలో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ నిమిషాల్లో చేస్తుంది. గణితం మన కడుపు నింపుతుందా అని అడిగే జీవశాస్త్రం పిల్లలకు నేను ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తాను.

సరే, మోడల్ ఉంది. ఒక జన్యువు తీసుకొని, పది జాతుల్లో దాని అక్షరాల వరసలు పెట్టి నడిపిస్తే ఒమేగా 0.2 అని వస్తుంది. ఇంకో జన్యువు పెడితే 0.1. ఏ జన్యువు పెట్టినా ఇంచుమించు ఇదే వరస. మరి ఒకటి దాటేది ఎక్కడ? మేలు చేసే మార్పులే లేవా? ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఇదే అసలు విషయం. సగటు అన్నిటినీ కప్పేస్తుంది. ప్రోటీన్లో మూడొందల స్థానాలుంటే, రెండొందల డెబ్భై స్థానాల్లో మార్పు వస్తే ప్రోటీన్ కుప్పకూలుతుంది. పదిహేను స్థానాల్లో మాత్రం మార్పు కావాలి. సగటు తీస్తే ఆ పదిహేనూ మునిగిపోతాయి. అట్లాగే పది కోట్ల ఏళ్ళలో తొంభై శాతం కాలం ఏమీ జరగకుండా, మధ్యలో కొద్ది కాలం వరణం గట్టిగా తోసిందనుకోండి. అదీ మునిగిపోతుంది. కాబట్టి జన్యువుని అడగాల్సిన ప్రశ్న ‘వరణం జరిగిందా’ కాదు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది. ఏ స్థానంలో, ఏ కొమ్మ మీద.

ఎక్కడ అనేదానికి మొదటి గట్టి ఉదాహరణ 1988లో ఆస్టిన్ హ్యూజ్, నెయ్ చూపించారు. మన ఒంట్లో రోగకారకాల ముక్కల్ని పట్టి చూపించే ఎంహెచ్‌సీ ప్రోటీన్లున్నాయి. మొత్తం ప్రోటీన్ తీసుకోకుండా, ఆ ముక్కల్ని పట్టుకునే గాడి స్థానాలను మాత్రమే విడిగా లెక్కేశారు. అక్కడ అర్థం మార్చేవే ఎక్కువ. గాడి బయట మామూలే. గాడి ఎక్కడుందో వాళ్ళకు ప్రోటీన్ నిర్మాణం చెప్పింది. ముందుగా తెలియనప్పుడు ఏం చెయ్యాలి? 1998లో రాస్మస్ నీల్సన్, యాంగ్ దానికి మోడల్ ఇచ్చారు. 2000లో దాన్ని ఇంకా విస్తరించారు. స్థానాలను రకాలుగా విడగొట్టుకో, కొన్నిటికి ఒమేగా సున్నకు దగ్గర, కొన్నిటికి ఒకటి, ఇంకొన్నిటికి ఒకటి పైన. ఆ పైన ఉండే రకం లేకుండా ఒకసారి, దాంతో ఒకసారి నడుపు. ఆ మోడలే నిజమైతే మన వరసలు ఇట్లా కనపడే అవకాశం ఎంతో చెప్పేది లైక్లీహుడ్. రెండిటి లైక్లీహుడ్ లాగరిథమ్‌లలో తేడా రెండింతలు చెయ్యి. మామూలుగా ఈ జంట మోడళ్ళకు అది 5.99 దాటితే, ఆ రకం నిజంగా అవసరమే అని నూటికి తొంభై అయిదు పాళ్ళ నమ్మకంతో అంటాం. దాటకపోతే నోరు మూసుకోవాలి.

దీనికి చేతికందే ఉదాహరణ ట్రిమ్5 ఆల్ఫా. కోతుల్లో రెట్రోవైరస్‌లను, అంటే హెచ్ఐవీ లాంటి వైరస్‌లను, కణం లోపలే అడ్డుకునే ప్రోటీన్. రీసస్ కోతిలో అది హెచ్ఐవీని ఆపుతుందని 2004లో తెలిసింది. మన దాంతో అంత పని కాదు. 2005లో సారా సాయర్, హర్మీత్ మాలిక్ బృందం ప్రైమేట్ల జన్యువులన్నీ పెట్టి ఈ మోడళ్ళు నడిపారు. ఒమేగా ఒకటి దాటే స్థానాలు చెల్లాచెదురుగా లేవు. 13 అమైనో ఆమ్లాల చిన్న ముక్కలో కిక్కిరిసి ఉన్నాయి. తర్వాత ల్యాబులో ఆ ముక్కను జాతుల మధ్య మార్చి చూశారు. వైరస్‌ని ఆపే గుణం ముక్కతో పాటే మారింది. లెక్క చూపించిన చోటే ప్రయోగం కూడా చూపించింది. నాకు ఈ రంగం మీద నమ్మకం ఏర్పడింది ఇట్లాంటి పనుల వల్లే.

ఇప్పుడు ఎప్పుడు అనే ప్రశ్న. దీనికి నల్లమలకే వెళ్దాం. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డు పక్క కొండముచ్చుల్ని చూడని వాళ్ళు ఈ హాల్లో ఉండరు. అవి ఏం తింటాయి? ఆకులు. ముదురాకులు కూడా. కోతి కడుపుతో ఆకు అరగడం కష్టం. కొండముచ్చు కడుపు మాత్రం మామూలు కోతి కడుపు కాదు. అరలరలుగా ఉంటుంది. ముందు అరలో బ్యాక్టీరియా ఆకును పులియబెడుతుంది. ఇది ఇంకెవరి పద్ధతి? ఆవు పద్ధతి, గేదె పద్ధతి. ఆ పులిసిన దాంతో పాటు బ్యాక్టీరియా కూడా వెనక అరలోకి, ఆమ్లంలోకి జారుతుంది. అక్కడ ఆ బ్యాక్టీరియానే పగలగొట్టి అరిగించుకుంటే బోలెడు పోషకాలు. పగలగొట్టడానికి ఏం కావాలి? లైసోజైమ్.

లైసోజైమ్ మనందరికీ ఉంది. కన్నీళ్ళలో, లాలాజలంలో, పాలలో. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టింది, పెన్సిలిన్‌కి ముందే. బ్యాక్టీరియా గోడను తెగ్గొట్టే చిన్న ఎంజైమ్, ఇంచుమించు 130 అమైనో ఆమ్లాలు. మనలో అది కాపలా ఉద్యోగం చేస్తుంది. ఆవులో, కొండముచ్చులో కడుపులోకి దిగి జీర్ణ ఉద్యోగం కూడా చేస్తుంది. కన్నీటిలో పని చేసే ఎంజైమ్‌ని తీసుకెళ్ళి ఆమ్లంలో పడేస్తే? పక్కనే ప్రోటీన్లను ముక్కలు చేసే పెప్సిన్ ఉంది. తట్టుకోవాలంటే మారాలి.

1987లో కారో-బెత్ స్టీవర్ట్, జేమ్స్ షిల్లింగ్, అలన్ విల్సన్ మన హనుమాన్ లంగూర్, అంటే కొండముచ్చు, కడుపు లైసోజైమ్‌ని ఆవుతో, బబూన్‌తో, మనిషితో పోల్చారు. బబూన్ కొండముచ్చుకు దగ్గరి చుట్టం. ఆవు ఎక్కడో దూరం, దాదాపు 9 కోట్ల ఏళ్ళ కిందటే దారులు వేరయ్యాయి. అయినా కొన్ని స్థానాల్లో కొండముచ్చుకూ ఆవుకూ ఒకే అమైనో ఆమ్లం ఉంది, బబూన్‌కి లేదు. ఆర్జినిన్ ఉండాల్సిన చోట లైసిన్ వచ్చింది. గుర్తుందా, ఏజీఏ నుంచి ఏఏఏ, మధ్య అక్షరం ఒక్కటి మారితే చాలు. రెండు వేరువేరు వంశాలు, విడివిడిగా, ఒకే పనికి ఒకే జవాబు. ఈ వ్యాసం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

1997లో వాల్టర్ మెస్సియర్, స్టీవర్ట్ కలిసి వంశవృక్షంలో ఒక్కో కొమ్మకూ విడిగా లెక్కేశారు. కొండముచ్చుల, వాటి ఆకుతినే బంధువుల ఉమ్మడి పూర్వీకుడి కొమ్మ మీద అర్థం మార్చే మార్పులు మిన్ను ముట్టాయి. ఆ తర్వాతి కొమ్మల్లో మళ్ళీ తుడిచివేతే. అంటే ఒక ఊపులో మారింది, పని కుదిరింది, ఇక కదలొద్దని వరణం కట్టడి చేసింది. ఇంకోటి కూడా వాళ్ళకు దొరికింది, ఎవరూ ఎదురుచూడనిది. మనుషులు, చింపాంజీలు, గిబ్బన్లు అందరికీ ఉమ్మడి పూర్వీకుడి కొమ్మ మీద కూడా అట్లాంటి ఊపే ఉంది. మనవాళ్ళు ఆకులు పులియబెట్టుకునే వాళ్ళు కాదు కదా, మరి ఎందుకు? యాంగ్ 1998లో ఈ జన్యువునే తీసుకొని కొమ్మకో ఒమేగా ఉండే మోడళ్ళను పరీక్షించారు. ఆ తర్వాత కొమ్మనూ స్థానాన్నీ కలిపి అడిగే మోడళ్ళు వచ్చాయి. 2005లో జియాంజీ జాంగ్, నీల్సన్, యాంగ్ సరిదిద్దిన రూపమే ఇప్పుడు ఎక్కువ మంది వాడేది.

జనాభా సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. తటస్థ మార్పుకు ఎన్ కొట్టేసుకుపోతుంది అన్నాను. కొంచెం చెడు చేసే మార్పుకు కొట్టేసుకుపోదు. జనాభా పెద్దదైతే వరణం కన్ను పదును, చిన్న చెడును కూడా తుడిచేస్తుంది. జనాభా చిన్నదైతే చిన్న చెడులు యాదృచ్ఛికంగా నిలిచిపోతాయి. ఇది తొమోకో ఓటా 1973లో చెప్పారు. ఎలుకకూ చిట్టెలుకకూ మధ్య జన్యువులన్నిటి సగటు ఒమేగా సుమారు 0.13. మనిషికీ చింపాంజీకీ మధ్య సుమారు 0.2 పైన. మనం గొప్పగా పరిణామం చెందుతున్నామని కాదు, మన పూర్వీకుల జనాభా చిన్నదని దానికి ఎక్కువ మంది చెప్పే కారణం. ఆరన్ హాల్పెర్న్, విలియం బ్రూనో 1998లో ఒమేగాను పక్కన పెట్టి ఒక్కో స్థానానికి ఏ అమైనో ఆమ్లం ఎంత నచ్చుతుందో నేరుగా రాసే మోడల్ ఇచ్చారు. అది లోతైన విషయం, పీజీ పిల్లలతో ఇంకో రోజు కూర్చుంటాను.

ఇప్పుడు మీ చేత చేయించే ముందు గట్టిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒమేగా ఒకటి దాటింది అని తెర మీద కనపడగానే పేపర్ రాయడానికి కూర్చోవద్దు. ముందు వరసల అమరిక, అంటే జాతుల అక్షరాలను ఏ చోటుకు ఆ చోటు ఎదురెదురుగా పేర్చింది, తెరిచి కళ్ళతో చూడండి. ఒక జాతి జన్యువులో ఒక అక్షరం జారితే అక్కడి నుంచి కోడాన్లన్నీ పక్కకు జరుగుతాయి, వరసగా అర్థం లేని తేడాలు కనపడతాయి. మోడల్‌కి అది తప్పని తెలియదు, వరణం అనుకుంటుంది. తప్పుడు అమరిక వల్ల అబద్ధపు సంకేతాలు ఎంత పెరుగుతాయో అనుకరణలు చేసి చూపించారు. అందుకే అమరిక అక్షరాల మీద కాకుండా కోడాన్ల మీద చెయ్యాలి. ప్రాంక్, మాక్సే లాంటి ప్రోగ్రాములు అందుకే ఉన్నాయి.

ఇంకోటి, మన పట్టికలో రెండు అక్షరాలు ఒకేసారి మారితే వేగం సున్న అని రాశాం. నిజంగా సున్నా? కాదు. ఒక్కోసారి పక్కపక్క అక్షరాలు రెండు ఒకే దెబ్బకు మారతాయి. మోడల్ దాన్ని రెండు వేరువేరు మార్పులుగా చదివి, ఒకే కోడాన్‌లో ఇంత తొందరగా రెండు అర్థం మార్చే మార్పులా, ఇది వరణమే అంటుంది. కొమ్మ-స్థానం పరీక్షల్లో కనపడ్డ సంకేతాల్లో చాలా భాగం ఇట్లాంటివే అని 2018లో ఆర్తి వెంకట్, మాథ్యూ హాన్, జోసెఫ్ థార్న్‌టన్ చూపించారు. చదివినప్పుడు ఎంతోమంది ఫలితాలు కళ్ళ ముందు కదిలాయి. మోడల్‌లో ఏ సున్న రాశామో మర్చిపోతే, ఆ సున్నే మనకు సమాధానమై కూర్చుంటుంది.

అర్థం మార్చని మార్పులతో వరణానికి పెద్దగా పని లేదు అన్నాను, అసలు లేదు అనలేదు. బ్యాక్టీరియాలో, ఈస్ట్‌లో, ఎక్కువగా తయారయ్యే ప్రోటీన్ల జన్యువుల్లో కొన్ని కోడాన్లనే ఏరుకుంటాయి. అట్లాంటి చోట కొలబద్ద కొంచెం వంగి ఉంటుంది. మరీ దూరపు జాతులు పెడితే, ఆవూ బఠాణీ లాగా, అర్థం మార్చని మార్పులు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తెలియకుండా పోతుంది.

మరీ దగ్గరి వాళ్ళను పెడితే? ఇక్కడ రైతులు ఉన్నారు కాబట్టి ఇది నిదానంగా చెప్తాను. ‘ఒంగోలు గిత్తకూ జెర్సీకీ మధ్య ఒమేగా చూద్దామా సార్’ అని పిల్లలు చాలామంది అడుగుతారు. ఆశ మంచిదే. మన జాతిని బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని పిలుచుకుంటూ కోట్ల సంఖ్యలో పెంచుతున్నారు. బోస్ ఇండికస్, అంటే మూపురం ఉన్న మన పశువుల, జన్యుక్రమం 2012లో మొదట వచ్చిందే ఒక నెలోర్ ఆబోతుది. ఆ అక్షరాలు మన పశువులవే కదా, గర్వం ఉండదా! కానీ ఈ మోడల్ ఆవు, గేదె లాంటి వేరువేరు జాతుల మధ్య తేడాలకు కట్టింది. ఒకే జనాభాలో, లేదా ఇంకా కలుస్తూ ఉన్న జనాభాల మధ్య కనపడే తేడాలు ఇంకా తేలలేదు, వరణం వాటిని ఇంకా తుడవలేదు. అక్కడ ఒమేగాకు మనం చెప్పుకున్న అర్థం ఉండదని సెర్గీ క్ర్యాజిమ్‌స్కీ, జాషువా ప్లాట్కిన్ 2008లో లెక్క కట్టి చూపించారు. దానికి వేరే సాధనాలున్నాయి. ఒక జాతిలోపలి తేడాలనూ, జాతుల మధ్య తేడాలనూ పక్కపక్కన పెట్టే మెక్‌డొనాల్డ్-క్రైట్‌మన్ పరీక్ష 1991 నుంచి ఉంది. ఒంగోలు ఆవు మీద పని చెయ్యాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. చెయ్యండి కూడా, మన జాతి మీద మన ఊళ్ళో పని జరగాలి.

ఆవు, గేదె, మేక, గొర్రె, జింక, ఒంటె, గుర్రం, పంది అయితే భేషుగ్గా పెట్టొచ్చు. వీటన్నిటి జన్యుక్రమాలు ఎన్‌సీబీఐ, ఎన్‌సెంబుల్ అనే ఆన్‌లైన్ జన్యు భండారాల్లో ఉచితంగా ఉన్నాయి. ఈ మోడళ్ళను నడిపే ప్రోగ్రాము, యాంగ్ రాసిన పామ్ల్, ఉచితం. సెర్గీ కొసకోవ్‌స్కీ పాండ్ బృందం చేసిన హైఫై కూడా ఉచితమే. ఇన్‌స్టాల్ చెయ్యడం రానివాళ్ళు డేటామంకీ అనే వెబ్‌సైట్లో ఫైలు ఎక్కిస్తే అదే నడిపి పెడుతుంది. పెద్ద ల్యాబ్ లేదు, ఫండ్స్ లేవు, హైదరాబాద్ పోతేనే పరిశోధన అనే మాట ఈ రంగంలో చెల్లదు. కావాల్సింది ఓపిక, ఇంటర్‌లో చదివిన కోడాన్ పట్టిక.

లైసోజైమ్‌తోనే మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు ఒక్క మాట. ఆవులో లైసోజైమ్ జన్యువు ఒకటి కాదు, పది దాకా ఉన్నాయి. ఒకటే పదే పదే నకలయింది. అందులో కొన్నే కడుపులో పని చేస్తాయి. మేక నుంచి ఒక నకలు, ఆవు నుంచి ఇంకో నకలు తెచ్చి పక్కపక్కన పెడితే జాతుల చరిత్ర కాదు, నకళ్ళ చరిత్ర చదువుతారు. కాబట్టి ముందు అన్ని నకళ్ళతో ఒక వృక్షం గీసి, ఏది దేనికి జోడీయో తేల్చుకున్నాకే మోడల్ నడపండి. ప్రతి మోడల్‌నీ ఒమేగా మొదటి విలువ మార్చి కనీసం రెండుసార్లు నడపండి, ఒకే లైక్లీహుడ్ వస్తేనే రాసుకోండి. మూడో ఏడాది పిల్లలు నలుగురేసి జట్లు కట్టండి, ఒక్కో జట్టుకు ఒక్కో జన్యువు ఇస్తాను. ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది, ముందు మైకు ఆమెకివ్వండి.